దారిలోనే సర్దుకునే నరాలు

తొలకరి జల్లు పడగానే శివ్వంపేట చేలల్లో మట్టివాసన గుప్పుమంటుంది. దానికి కారణమైన జియోస్మిన్ గాలిలో లేశమాత్రం ఉన్నా ముక్కు పట్టేస్తుంది. ముక్కు గొప్పదే కానీ, దాన్ని మెదడుకు కలిపిన పనితనమే నాకు ఎక్కువ ముచ్చటేస్తుంది.

వాసనను పట్టే గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో గుర్తించారు. 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఎలుకలో ఇవి దాదాపు 1,000, మనిషిలో పనిచేసేవి సుమారు 400. ముక్కు పైకప్పులోని ఒక్కో నాడీకణం వాటిలో ఒక్క గ్రాహకాన్నే ఎంచుకుంటుంది. ఒకే గ్రాహకమున్న కణాలు పక్కపక్కన ఉంటాయా అంటే, అదీ లేదు. అన్నీ చెల్లాచెదురే. అయినా వాటి పోగులు చిల్లుల ఎముక దాటి, మెదడు ముందుభాగంలోని ఘ్రాణ లంబికలో ఒకటి రెండు చిన్న ఉండల్లోనే కలుస్తాయి. ఆ ఉండ పేరు గ్లోమెరులస్. 1996లో యాక్సెల్ ప్రయోగశాలలో ఎలుకల్లో ఒక గ్రాహకం ఉన్న కణాలకు మాత్రమే నీలిరంగు ఎక్కేలా చేశారు. ఎక్కడెక్కడి నుంచో బయలుదేరిన నీలి పోగులు ఒక్కచోటికి చేరడం కంటికే కనిపించింది.

దారి చూపేది ఎవరు? చాలావరకు ఆ గ్రాహకమే! ఒక గ్రాహకం బదులు మరొకటి పెడితే పోగు చేరే చోటూ మారిపోతుంది. ఏ వాసనా తగలకముందే గ్రాహకం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును కొంత పుట్టిస్తుంది. ఆ మోతాదును బట్టి పోగు లంబికలో ముందుకో వెనక్కో చేరుతుందని జపాన్‌లో హితోషి సకానో బృందం 2006లో చూపింది. ఇంకో చిత్రం, రైల్వే మెయిల్ బోగీలో ఉత్తరాలను ఊళ్లవారీగా వేరుచేసినట్టు, పోగులు గమ్యం చేరకముందే, దారిలో కట్టగా సాగుతుండగానే వరుసలో సర్దుకుంటాయి.

పండు ఈగలో పద్ధతి వేరు. అక్కడ గ్రాహకానికి దారి చూపే పని లేదు. మన దేశంలో ఈగ వాసన పట్టే తీరు మీద పరిశోధనకు బాట వేసింది 1970లలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఒబైద్ సిద్ధిఖీ, వెరోనికా రోడ్రిగ్స్.

మళ్లీ ఎలుక ముక్కు దగ్గరికి వస్తే, అందులోని వాసన కణాలు ఎక్కువ కాలం బతకవు. వారాలు, నెలల్లోనే రాలిపోతాయి, కొత్తవి పుట్టి పాత ఉండలనే వెతుక్కుంటూ వెళ్తాయి. అయితే ఆ బాట పడేది ఎలుకపిల్ల పుట్టిన తొలి రోజుల్లోనే. అప్పుడు పోగుల్ని తప్పుదారి పట్టించి వారంలోపు వదిలేస్తే సర్దుకుంటాయి. గడువు దాటిందా, తర్వాత పుట్టే కణాలూ ఆ తప్పుదారినే పడతాయి.