తీగలు ఎప్పుడు తెగాయి?

2022 అక్టోబరు 30 సాయంత్రం గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛూ నది మీది వేలాడే వంతెన తెగిపడి 135 మంది ప్రాణాలు పోయాయి. నదిలోంచి శవాలు తీస్తుండగానే ఒక వీడియో ఫోన్లలో తిరగడం మొదలైంది. అందులో కొందరు కుర్రాళ్లు వంతెన మీద నిలబడి పక్క తీగల్ని కాళ్లతో తన్నుతూ, వంతెనను ఊపుతూ కేరింతలు కొడుతున్నారు. వాళ్ల ఆకతాయితనమే ఇంతమందిని పొట్టన పెట్టుకుందని జనం తీర్పు చెప్పేశారు. ఆ వీడియో ప్రమాదానికి ముందురోజు తీసినదని తర్వాత తేలింది. అంతమాత్రాన కుర్రాళ్లే కూల్చారన్న వాదన పూర్తిగా వీగిపోదు. వంతెన కూలిన క్షణాన్ని పట్టిన సీసీ కెమెరా దృశ్యాల్లోనూ కొందరు ఊపడం కనిపిస్తుంది. అంటే ఇక్కడ వీడియో నకిలీదా అసలుదా అన్నదాంతో కథ ముగియదు. అసలు వీడియో చూసి కూడా జనం తప్పు నిర్ణయానికి రావచ్చు. ఆ తప్పు ఎక్కడ జరుగుతుందో చూడాలంటే వంతెన కేబుల్ దగ్గరికి వెళ్లాలి.

గుజరాత్ ప్రభుత్వం వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందం ఆ పనే చేసింది. వంతెన బరువు మోసే ప్రధాన కేబుల్‌ను ఏడు పేటలు కలిపి అల్లారు. ఒక్కో పేటలో ఏడు ఉక్కు తీగలు. మొత్తం 49. తెగిన కేబుల్లో 22 తీగలు తుప్పు తినేసి ఉన్నాయని, అవి ప్రమాదానికి ముందే తెగి ఉండొచ్చని, 27 మాత్రమే కొత్తగా తెగాయని ఆ బృందం చెప్పింది. ఈ తేడా తీగ కొసల్లోనే రాసి ఉంటుంది. అప్పుడే పుటుక్కుమన్న ఉక్కు కొస శుభ్రంగా, మెరుపుతో ఉంటుంది. ఏనాడో తెగిన కొసను తుప్పు లోతుగా తొలిచేసి ఉంటుంది. వంతెనను నెలల తరబడి మూసి, మరమ్మతులు చేసి, ప్రమాదానికి నాలుగు రోజుల ముందు తెరిచారు. ఆ మరమ్మతుల్లో చెక్క నడకదారి తీసేసి అల్యూమినియం పలకలు పరిచారు. కేబుల్ నుంచి కిందికి వేలాడే పాత కడ్డీలకు కొత్త కడ్డీలను వెల్డింగ్ చేసి అతికించారు. ప్రధాన కేబుళ్లను మాత్రం అలాగే ఉంచేశారు. కాళ్ల కింద కనిపించేదంతా కొత్తది, తల మీద మోసేది పాతది. కుర్రాళ్లు ఊపినా ఊపకపోయినా, ఆ సాయంత్రం వందల మందిని మోసింది దాదాపు సగం తీగలను ముందే తుప్పు తినేసిన కేబుల్.

జనం కన్ను చివరి క్షణం మీదే పడుతుంది. ఎవరు చివరగా తాకారో వాళ్లే కూల్చారన్నది మనకు తేలిగ్గా నమ్మబుద్ధేసే కథ. దానికి ముఖాలుంటాయి, కదలిక ఉంటుంది, కోపగించుకోవడానికి మనుషులు దొరుకుతారు. తుప్పుకు ముఖం లేదు. పదేళ్ల పాటు ఎవరూ చేయని తనిఖీని ఏ కెమెరా చిత్రించగలదు? పాత కట్టడాలను పరీక్షించే ఇంజినీరు పనీ, తప్పుడు పోస్టు మూలాన్ని వెతికే పాత్రికేయుడి పనీ ఒకే కోవకు చెందినవని నేననడానికి కారణం ఇదే. ఇద్దరూ కళ్ల ముందున్న చివరి క్షణాన్ని పక్కన పెట్టి, ఇది ఎప్పటిది, ఎక్కడి నుంచి మొదలైంది, ఇంకా కదులుతోందా అని అడుగుతూ కాలంలో వెనక్కి నడుస్తారు. పుకారు అందుకు విరుద్ధంగా కాలాన్ని చెరిపేస్తుంది. నిన్నటిని ఇవాళ్టిదని, పదేళ్ల కిందటిదాన్ని ఈ ఉదయానిదని చెబుతుంది.

గోడలో బీటనే తీసుకోండి. దాన్ని ఫొటో తీసి చూస్తే మీకు దాని పొడవు, వెడల్పు తెలుస్తాయి, అంతే. అది యాభై ఏళ్ల కిందట పునాది ఒక్కసారి సర్దుకున్నప్పుడు పడి ఆగిపోయిందో, నెలనెలా విచ్చుకుంటోందో ఫొటో చెప్పదు. అందుకే పాత తరం ఇంజినీర్లు బీటకు అడ్డంగా పల్చటి గాజు ముక్కను రెండు కొసలా ప్లాస్టర్‌తో అతికించి, పక్కన తేదీ రాసి వదిలేస్తారు. గాజు పగిలితే బీట కదులుతున్నట్టు. ఇప్పుడు గీతలున్న ప్లాస్టిక్ పలకలు, సెన్సర్లు వచ్చాయి గానీ తర్కం మారలేదు. నల్లరేగడి నేలల్లో ఇది మరీ అవసరం. వానకు మట్టి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే చోట బీటలు శ్రావణంలో ఒక తీరుగా, వైశాఖంలో ఇంకో తీరుగా ఉంటాయి. ఏడాది తిరిగేదాకా చూడకుండా ఎవరైనా ఇల్లు కూలిపోతుందని గానీ, ఢోకా లేదని గానీ అంటే అది పరీక్ష కాదు, జోస్యం. కాంక్రీటుకు ఇంకో పరీక్ష ఉంది. కొత్తగా పగలగొట్టిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. క్షార గుణం నిలిచి ఉన్నంత మేర ముదురు గులాబీ రంగు వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చొరబడి ఆ గుణాన్ని తినేసిన మేర రంగు రాదు. రంగు రాని ఆ పట్టీ లోపలి ఇనుప చువ్వ దాకా పాకిందా లేదా అన్నదే ఇంజినీరుకు కావాలి. పాకితే, పైన ఎంత నున్నగా రంగులేసినా లోపల తుప్పుకు దారి దొరికినట్టే.

ఫార్వర్డ్ మూలం వెతికేవాళ్లకూ ఇలాంటి గాజు ముక్కలున్నాయి. వీడియోలోంచి నిశ్చల చిత్రాలు తీసి, అదే బొమ్మ అంతకుముందు ఎక్కడైనా కనిపించిందేమో వెతుకుతారు. 2019లో ఎక్కడో కనిపించిన బొమ్మ 2024 వరదది కాదని తేల్చడానికి ఆ ఒక్క తేదీ చాలు. దుకాణం బోర్డు మీద లిపి, బండి నంబరు ప్లేటు, నీడ పడ్డ దిక్కు, ఆ రోజు అక్కడ వాన పడిందా అన్న వాతావరణ లెక్క, ఇవన్నీ కలిపి చూస్తారు. వాట్సాప్ ద్వారా చేతులు మారినప్పుడు ఫొటోకు అంటుకుని ఉండే తేదీ, స్థలం వివరాలు ఊడిపోతాయి. అందుకే మొదట పెట్టినవాళ్లను పట్టుకోవడం కష్టం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు మన రాష్ట్రాలు సహా దేశంలో ఎందరో అమాయకుల ప్రాణాలు తీశాక, 2018లో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకే పంపగలిగేలా కట్టడి చేసింది. వేగం తగ్గింది గానీ మూలం దొరకడం తేలిక కాలేదు. ఇంజినీరుకూ ఈ పాత్రికేయుడికీ ఒక పెద్ద తేడా మాత్రం ఉంది, దాన్ని దాచలేం. రాయికి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. పోస్టు పెట్టినవాడికి ఉండొచ్చు. కట్టడాన్ని పరీక్షించేవాడికి ప్రకృతి మాత్రమే ఎదురు, పుకారును వెతికేవాడికి ఒక్కోసారి తెలివైన మనిషి ఎదురవుతాడు.

భయపెట్టే పుకారు గురించే అందరూ మాట్లాడతారు గానీ, మురిపించే పుకారు కూడా కట్టడాలకు చేటే. పూర్వీకులు కట్టినవి వెయ్యేళ్లయినా చెక్కుచెదరవు, ఇప్పటివి పదేళ్లకే కూలుతున్నాయన్న రకం ఫార్వర్డ్‌లు మీకూ వచ్చే ఉంటాయి. 1213 నాటి రామప్ప గుడి గొప్పదనంలో సందేహం లేదు. ఇసుక పెట్టె పునాది, శిఖరంలో తేలికైన ఇటుకలు, 2021లో యునెస్కో గుర్తింపు, అన్నీ నిజాలే. ఏ భూకంపమూ దాన్ని ఏమీ చేయలేకపోయిందన్న మాట మాత్రం నిజం కాదు. అక్కడి నేల రాళ్లు ఎగుడుదిగుడుగా కుంగి ఉంటాయి. పక్కనే ఉన్న కామేశ్వరాలయాన్ని మళ్లీ కట్టాలని విప్పి, ఆ రాళ్లను ఏళ్ల తరబడి పక్కన పేర్చి ఉంచాల్సి వచ్చింది. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి తిరిగి నిలబెట్టడం 2024 మార్చి దాకా సాగింది. కాకతీయుల కాలపు కట్టడాల్లో ఎన్ని నేలమట్టమయ్యాయో ఆ ఫార్వర్డ్ లెక్క చెప్పదు. నిలిచినవే కళ్లకు కనబడతాయి కాబట్టి అన్నీ నిలిచాయనుకుంటాం. ఎలాగూ నిలుస్తుందనుకున్న గుడి కప్పు మీద మొలిచిన రావి మొక్కను ఎవరు పీకుతారు? రాలిన డంగుసున్నం పూతకు బదులు సిమెంటు మెత్తి, గోడలోకి చేరిన చెమ్మ బయటికి రాకుండా బిగించేసే పని కూడా ఈ నిశ్చింతలోంచే పుడుతుంది.

వయసే నేరమన్న ఎదుటి వాదన కూడా అంతే పొరపాటు. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి. ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింట్లో లోపాలున్నాయని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు రాశారు. 1957లో పూర్తయిన విజయవాడ ప్రకాశం బ్యారేజీ, 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదనూ కొట్టుకొచ్చిన పడవలనూ తట్టుకుంది. దెబ్బతిన్నవి గేట్ల కౌంటర్‌వెయిట్లు. అరవై ఏడేళ్లది నిలబడిందంటే నాలుగేళ్లదాని కంటే అదే మేలని కాదు. ఏదైనా దాని చరిత్ర తెలియకుండా వయసు చూసి తీర్పు చెప్పకూడదని.

ఇక్కడ నన్ను నిలదీసేవాళ్లుంటారు. ప్రమాదం ఉందన్న సందేశం తప్పయినా నష్టమేముంది, జనం నాలుగడుగులు వెనక్కి వేస్తారు, ప్రాణాలు దక్కుతాయి కదా అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. 2018 ఆగస్టులో కేరళ మునిగిపోతున్నప్పుడు ముల్లపెరియార్ డ్యామ్‌కు చిల్లు పడిందంటూ ఒక గొంతు సందేశం వాట్సాప్‌లో తిరిగింది. 1895లో సున్నం, సుర్కీ (ఇటుక పొడి)తో కట్టిన ఆ డ్యామ్ భద్రత మీద కేరళ, తమిళనాడు దశాబ్దాలుగా కోర్టుల్లో కొట్లాడుతున్నాయి. 1979 తర్వాత దానికి పైన కాంక్రీటు కప్పు వేసి, లోపలికి ఉక్కు కేబుళ్లు దించి, వెనక కాంక్రీటు ఆనుగోడ కట్టారని విన్నవాళ్లు ఎందరు? పడవలు పంపాల్సిన యంత్రాంగం ఖండనలు రాస్తూ కూర్చోవాల్సి వచ్చింది. పుకారు విన్నవాడు ఒకసారి పరుగెత్తుతాడు, రెండోసారి పరుగెత్తుతాడు, మూడోసారి అసలైన హెచ్చరిక వచ్చినప్పుడు తలుపు వేసుకుని పడుకుంటాడు. నష్టం ఆ మూడోసారి జరుగుతుంది. దాని లెక్క ఆ మొదటి ఫార్వర్డ్ ఖాతాలో ఎవరూ రాయరు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైంది. అధికారులు ఎప్పుడూ అంతా సవ్యంగానే ఉందంటారు, మోర్బీలోనూ మరమ్మతులు చేశామనే కదా తెరిచారు, మరి జనం ఫార్వర్డ్‌లు తప్ప ఇంకేం నమ్మాలి? ఈ మాటకు సగం ఒప్పుకోక తప్పదు. వంతెన తెరిచినవాళ్ల దగ్గర కేబుల్ పరీక్ష నివేదిక ఉండి, దాన్ని టికెట్ కౌంటర్ పక్కన అతికించి ఉంటే ఆ రోజు టికెట్ కొన్నవాళ్లలో కొందరైనా వెనక్కి తిరిగేవాళ్లు. పుకారుకు చోటిచ్చేది నివేదిక లేకపోవడమే, లేదా ఉండీ బీరువాలో మగ్గడం. 2021 డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు చేయాలంటుంది, నిర్ణీత కాలానికోసారి స్వతంత్ర నిపుణులతో సమగ్రంగా మదింపు చేయించాలంటుంది. ఆ కాగితాలు ఆయకట్టు రైతుకు అర్థమయ్యే భాషలో, అడక్కుండానే దొరకాలి. కానీ అధికారి దాచాడు కాబట్టి పక్కింటాయన పంపింది నిజమన్న వాదనలో రెండో సగం అతకదు. దాచిన నిజానికి విరుగుడు బయటపెట్టిన నిజమేనండీ, ఊహ కాదు.

బయటపెట్టడానికి ఖరీదు ఉంటుంది, అందుకే ఎవరూ ముందుకు రారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. జలాశయం అప్పుడు నిండుకుండ. డ్యామ్‌కు 33 గేట్లుంటే పోయింది ఒక్కటి, ఆనకట్ట గోడ చెక్కుచెదరలేదు. కర్నూలు జిల్లాలో నదీ తీరపు ఊళ్లకు ఆ రాత్రి ఆ తేడా తెలియడం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో నీళ్లు పారుతుండగానే గేటు ఖాళీని మూసే స్టాప్‌లాగ్‌లు దించి వారం లోపే ప్రవాహాన్ని ఆపారు. ఆ సాహసాన్ని జనం మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. అయితే అక్కడితో ఆగి ఉంటే అది కూడా చివరి క్షణపు కథే అయ్యేది. తర్వాత నిపుణులు మిగిలిన గేట్లనూ పరీక్షించి, 33 గేట్లూ మార్చాల్సిందేనన్నారు. మార్చేదాకా భద్రత కోసం 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గర కట్టడి చేశారు. పూర్తి సామర్థ్యం 105 టీఎంసీలకు పైనే. ఆ తగ్గిన పాతిక టీఎంసీల భారం రాయలసీమ, బళ్లారి, రాయచూరు రైతుల రెండో పంట మీద పడింది. నది నిండా నీళ్లు పారుతుంటే కాలువకు ఎందుకు రావని అడిగే రైతుకు జవాబు ఆ గేట్ల పరీక్ష నివేదికలోనే ఉంది. ఆ కాగితం నీటి సంఘాల చేతికి తెలుగులోనూ కన్నడంలోనూ అందాలి, గేటు నంబరుతో సహా.