ఇంటి ముంగిట బండి పని

మోటారు సైకిల్‌కి ఇంటి దగ్గర చేసుకునే పని మూడు రకాలు. చూసుకోవడం మొదటిది, కడిగి, బిగించి, నూనె పెట్టడం రెండోది, విప్పి భాగం మార్చడం మూడోది. చూసుకోవడానికి ఖర్చు లేదు, దానివల్ల వచ్చే నష్టమూ లేదు. రెండో రకంలో లాభం ఎక్కువ, ప్రమాదం తక్కువ. మూడో రకానికి వచ్చేసరికి లాభనష్టాలు దాదాపు సమానం. ఏ పని ఏ రకంలోకి వస్తుందో తెలిసినవాడి బండి పదిహేనేళ్లు నడుస్తుంది. తెలియనివాడు మంచి బండిని కూడా తన చేతులతోనే పాడుచేసుకుంటాడు.

ఒకప్పుడు ఈ ఎంపిక ఉండేది కాదు. రాజ్‌దూత్, యెజ్డీ లాంటి టూస్ట్రోక్ బండ్లకు పెట్రోలులో ఆయిల్ కలపాలి, సైలెన్సర్‌లో పేరుకున్న మసి గీకాలి, ప్లగ్ తుడవాలి. బండి ఉన్న ఇంట్లో ప్లగ్ పానా ఉండి తీరేది. 1984లో హీరో హోండా పుట్టి, మరుసటి ఏడాది సీడీ 100 రోడ్డెక్కాక పరిస్థితి మారింది. పెట్రోలు పోసి, మూత బిగించి, ఇక మరిచిపొమ్మని ఆ కంపెనీ ప్రకటన చెప్పింది. ఆ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ నిజంగానే అంత గట్టిది. 1958లో జపాన్‌లో వచ్చిన హోండా సూపర్ కబ్ వంశంలోదే అది. 1994లో వచ్చిన స్ప్లెండర్ కూడా అదే ఇంజన్‌తో ఊరూరా తిరిగింది. అయితే ఇంజన్‌ని మరిచిపోవచ్చేమో గానీ, దాని చుట్టూ ఉన్న చైను, బ్రేకులు, బేరింగులు, వైర్లను మరిచిపోతే కుదరదు.

కృష్ణా జిల్లా మోపిదేవి చుట్టుపక్కల అసలే కుదరదు. ఇక్కడికి దక్షిణంగా పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి, దివిసీమను రెండు పాయల మధ్య పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుల మీదికి వెళ్లొచ్చే బండ్లకు ఉప్పునీరు తగులుతుంది, సముద్రపు గాలిలోనూ ఉప్పు ఉంటుంది. నాట్ల రోజుల్లో పొలం గట్ల మీది బురద మడ్‌గార్డు లోపల గట్టిపడి, తడిని పట్టి ఉంచుతుంది. ఉప్పు, తడి కలిస్తే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. చువ్వల చక్రంలో చువ్వల మొదళ్లు, సైలెన్సర్ అడుగు, సెంటర్ స్టాండు స్ప్రింగు, చైను ముందుగా తుప్పు పడతాయి. అందుకే ఇక్కడ మొదటి మరమ్మతు మంచినీళ్లతో కడగడమే. బకెట్టు నీళ్లు, గుడ్డ, పాత బ్రష్షు చాలు. నీళ్లను గట్టి ఒత్తిడితో కొట్టే పంపుని చక్రం ఇరుసు మీదికి తిప్పితే నీరు బేరింగులోకి దూరి, గ్రీజుని బయటికి తోసేస్తుంది. కడిగాక బండిని ఆరనిచ్చి, చైనుకీ స్టాండు కీలుకీ కేబుళ్ల చివర్లకీ నూనె పెట్టాలి.

ఇంటి పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది చైను. వంద సీసీ బండ్లలో చాలావాటికి చైను కవరు నిండుగా ఉంటుంది, కాబట్టి లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. కవరుకున్న చిన్న రబ్బరు మూత తీసి, వేలితో చైనుని పైకీ కిందికీ కదిలించి చూడాలి. రెండు, మూడు సెంటీమీటర్లు ఆడితే సరిగా ఉన్నట్టు. అంతకన్నా వదులైతే గుంటలో పడ్డప్పుడల్లా కవరుకి కొట్టుకుని శబ్దం వస్తుంది. మరీ బిగువైతే గేర్‌బాక్సు బేరింగు మీద భారం పడుతుంది. బండిని సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చైను ఎక్కడ అన్నిటికంటే బిగువుగా ఉందో కనిపెట్టాలి. కొలత అక్కడే చూడాలి. ఇరుసు నట్టు వదులుచేసి, రెండు పక్కల అడ్జస్టర్లను సమానంగా తిప్పి, గుర్తులు రెండూ ఒకే గీత మీదికి వచ్చాయో లేదో చూసుకుని నట్టు బిగించాలి. ఒక పక్క ఎక్కువ తిప్పితే చక్రం వంకరగా కూర్చుంటుంది. చక్రం వెనక్కి జరిగినప్పుడు వెనక బ్రేకు రాడ్డు కూడా లాగబడుతుంది కనుక బ్రేకు పెడల్ ఎంత ఆడుతోందో తిరిగి సరిచేయాలి. చైను లాకు తీసి వేయాల్సి వస్తే, క్లిప్పు మూసిన వైపు చైను నడిచే దిక్కుకి ఉండాలి, లేకపోతే దారిలో ఊడిపోవచ్చు. ఇంజన్ ఆడుతుండగా చైనుకి గుడ్డ తగిలించకూడదు. వేళ్లు పోగొట్టుకునేది అక్కడే.

తర్వాతది ఆయిల్ మార్చడం. వంద సీసీ బండికి పట్టేది లీటరుకి అటూ ఇటూ, దాన్ని మార్చడానికి పట్టేది అరగంట. ఇంజన్ కాస్త వేడెక్కాక అడుగున బోల్టు విప్పితే పాత ఆయిల్ దిగిపోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న మోటారు సైకిల్ ఆయిలే పోయాలి. కార్ల ఆయిళ్లలో రాపిడిని బాగా తగ్గించే రసాయనాలు కలపడం మామూలు. మోటారు సైకిల్ క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి అవి పట్టు తప్పి జారతాయి. ఆయిల్ మట్టం చూసేటప్పుడు చాలా బండ్లలో కొలపుల్లను మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి. ఆ సంగతి కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఒకసారి చదివితే చాలు.

ఇంటి మరమ్మతుల్లో పెద్ద నష్టం జరిగేది కూడా ఈ చిన్న పనిలోనే. అడుగున ఉండే బోల్టు ఇనుము, అది దిగే ఇంజన్ పెట్టె అల్యూమినియం. బోల్టుని మొదట వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు తిప్పాలి. సాఫీగా దిగకపోతే బయటికి తీసి మళ్లీ పెట్టాలి. వంకరగా పట్టినదాన్ని పానాతో బలవంతంగా తిప్పితే మెత్తటి లోహంలో మర తెగిపోతుంది. ఆయిల్ కారకూడదని ఒంటి బలమంతా పెట్టి బిగించినా అంతే. అప్పుడు లేత్ మిషన్ దగ్గరికి తీసుకెళ్లి ట్యాప్ కొట్టించి, లావు బోల్టు వేయించుకోవాలి. కొన్నేళ్లు ఆదా చేసుకున్న కూలి ఆ ఒక్క రోజులో పోతుంది. వాషర్ అరిగితే కొత్తది వేయాలి గానీ, బిగువు పెంచి కారుడు ఆపాలని చూడకూడదు.

దించిన పాత ఆయిల్ విషయంలో పట్టింపు ఉండాలి. దివిసీమలో కాలువ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుల్లోకి చేరతాయి. కాలువ గట్టున ఒలకబోసిన ఆయిల్ పోయి పోయి ఎవరో ఒకరి బిందెలోకే వస్తుంది. ఖాళీ అయిన డబ్బాలోకే పాతది వంపి, మూత బిగించి మెకానిక్ షెడ్డులో ఇవ్వాలి.

ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కూడా ఇంటివాళ్లు చూసుకోగలిగినవే. ప్లగ్ మొన బిస్కెట్ రంగులో ఉంటే ఇంజన్ బాగా మండుతోందన్నమాట. నల్లగా మసి పడితే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నూర్పిళ్ల కాలంలో గడ్డి దుమ్ముకి ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పాత కార్బొరేటర్ బండిని నెలల తరబడి కదపకుండా ఉంచదలిస్తే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ముందే దించేయడం మేలు. ఆ పని ఆరుబయట చేయాలి, గ్యాస్ పొయ్యి దరిదాపుల్లో చేయకూడదు.

ఇంటి పని ఎక్కడ ఆగాలో కాలం కూడా మార్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాక చాలా కొత్త బండ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత వెళ్లాలో ఇప్పుడు సెన్సర్లు చెబుతాయి. స్క్రూ డ్రైవర్‌తో స్లో తగ్గించే అలవాటుకి అక్కడ పని లేదు. మీటరులో హెచ్చరిక దీపం వెలిగితే కారణం తెలియడానికి స్కానర్ కావాలి. బ్యాటరీ తీగలు వదులయ్యాయా, ఫ్యూజు పోయిందా అన్నంతవరకే ఇంటివాళ్ల వంతు. బ్యాటరీ నీరసపడితే ఇలాంటి బండికి కిక్కు ఉన్నా ఉపయోగం తక్కువ.

వరద వచ్చినప్పుడు మాత్రం మెకానిక్ చేరేలోపు ఇంటివాళ్లు చేసేదే బండిని కాపాడుతుంది. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కుల దరిదాపుల్లో నీరు దిగి, లంక ఊళ్లను ముంచింది. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ముందు బ్యాటరీ తీగ తప్పించి, ప్లగ్ విప్పి, కిక్కుని నెమ్మదిగా నొక్కితే నీరు బయటికి వస్తుంది. ఆయిల్ దించి చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీరు చేరినట్టే, అది పూర్తిగా మార్చాలి. కొద్దిసేపు నడిపాక ఇంకోసారి మార్చడం మంచిది. ఒండ్రు ఇంజన్‌లోకి పోయిందనిపిస్తే ఇంట్లో ఏమీ చేయకుండా షెడ్డుకి తోసుకెళ్లాలి.

ఇంటి పనికి నష్టాలూ లేకపోలేదు. పట్టేసిన బోల్టు ముందు సాయంత్రమంతా గడిచిపోతుంది. అమెరికా రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ పుస్తకంలో ఊడిరాని మర గురించే పేజీలకు పేజీలు రాశాడు. విప్పాక కావలసిన ప్యాకింగ్ ఊళ్లో దొరక్క, విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చేదాకా బండి స్టాండు మీదే ఉండిపోతుంది. చవకని నకిలీ బ్రేకు లైనర్లు కొన్నవాడికి ఆదా అయిన డబ్బు కంటే పొంచి ఉన్న ప్రమాదం పెద్దది. క్లచ్, గేర్‌బాక్సు, వాల్వులు, డిస్కు బ్రేకు కాలిపర్ లాంటివి తగిన పనిముట్లు, అనుభవం లేకుండా విప్పకూడదు. కూలి మిగలడం ఇంటి పనిలో చిన్న లాభం. వారం వారం చేయి పడిన బండిలో కొత్త శబ్దం వస్తే, బ్రేకు కాస్త మెత్తబడితే యజమానికి అదే రోజు తెలుస్తుంది. అదే పెద్ద లాభం, ప్రాణం నిలిపే లాభం కూడా.

డ్రమ్ము బ్రేకులున్న చాలా బండ్లకు వెనక బ్రేకు లివరు దగ్గర చిన్న బాణం గుర్తు, పక్కన ప్లేటు మీద ఒక గీత ఉంటాయి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు బాణం గీతను చేరితే లైనర్లు అరిగిపోయినట్టే. ఈ ఆదివారం ఇంకే పనీ చేయకపోయినా ఆ గుర్తు చూడండి. గీతను చేరి ఉంటే, లైనర్లు మార్పించేదాకా ఆ బండి మీద పిల్లల్ని ఎక్కించుకోకండి.