శిక్షణ సరే, తిండి సంగతేంది?

మన సదస్సుల్లో ఆఖరి తీర్మానం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దళిత, ఆదివాసీ విద్యార్థులకు పత్రికా రచనలో శిక్షణ ఇవ్వాలని. చప్పట్లు కొట్టి భోజనాలకు లేస్తాం. కొన్నాళ్లుగా ఆ తీర్మానానికి అమెరికా ఉదాహరణ ఒకటి తోడయింది. అక్కడ నల్లవాళ్ల చదువు కోసమే పుట్టిన కాలేజీలు వంద దాకా ఉన్నాయి, ఆ పిల్లల్ని పత్రికలు, రేడియోలు, ప్రకటనల కంపెనీలు ఇంటర్న్‌లుగా పెట్టుకుంటాయి, మనకూ అట్లాంటి ఏర్పాటు కావాలి అని. కావాలి, కాదనేవాణ్ని కాను. అయితే ఆ ఉదాహరణలో సగమే మనం అరువు తెచ్చుకుంటున్నాం. తేకుండా వదిలేసిన సగం, ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే బాగా కనబడుతుంది.

కెన్నెత్ కూపర్ సంగతి మనలో చాలామందికి తెలుసు. 1996లో వాషింగ్టన్ పోస్ట్ తరఫున ఢిల్లీలో పనిచేసిన నల్లజాతి విలేకరి. ఒక దళిత విలేకరితో మాట్లాడాలి, ఎవరైనా ఉంటే చెప్పమని బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుణ్ని అడిగాడు. ముప్ఫై ఏళ్ల వృత్తి జీవితంలో ఉనియాల్‌కు ఒక్క దళిత పాత్రికేయుడూ ఎదురుపడలేదు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన విలేకరుల జాబితా తీస్తే 686 మంది. అందులో 454 మందికి పేరు చివర కులం తగిలించి ఉంది. మిగిలిన 232 మందిలో 47 మందికి ఫోన్ చేశాడు. ఒక్కరూ దళితులు కారు. ఆ ఏడాది నవంబరులో పయనీర్ పత్రికలో ఆ సంగతి రాశాడు.

ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా ఉనియాల్ నిజాయితీని మెచ్చుకుంటాం. కూపర్‌కు ఆ ప్రశ్న అసలెందుకు తోచిందో అడగం. అతను వచ్చిన దేశంలో పత్రికలు తమ లెక్క తాము చెప్పుకోవాల్సిన పరిస్థితి అప్పటికే ఏర్పడి ఉంది. 1967లో నల్లవాళ్ల వాడలు మండిన తర్వాత ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇస్తూ పత్రికలను కూడా బోనులో నిలబెట్టింది. సంపాదక విభాగాల్లో నల్లవాళ్లు 5 శాతం కూడా లేరని తేల్చింది. పదేళ్లకు, 1978లో, పత్రికా సంపాదకుల సంఘం ఒక మాట ఇచ్చింది. 2000 నాటికి జనాభాలో మైనారిటీ జాతుల వాటా ఎంతో, పత్రికల కార్యాలయాల్లోనూ అంత ఉండాలని. అప్పుడున్నది సుమారు 4 శాతం. ఏటా లెక్క తీసి బయట పెట్టారు. నల్ల విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు, స్కాలర్‌షిప్‌లు ఆ లెక్క వెంబడి పెరిగాయి.

మాట నిలబడలేదు. 2000 నాటికి 12 శాతం దగ్గర ఆగింది. గడువును 1998లోనే 2025కు జరిపారు. ఆ సంఘం 2019లో ఇంకోదానితో కలిసిపోయింది, కలిసి ఏర్పడ్డ సంఘం 2024లో మూతపడింది. కాబట్టి అమెరికాను నెత్తిన పెట్టుకోవాల్సిన పని లేదు. కానీ మాట తప్పారని తెలియడానికైనా మాటంటూ ఒకటి ఉండాలి గదా. మన దగ్గర పత్రికాధిపతుల సంఘమేదీ అట్లాంటి మాట ఇవ్వలేదు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ కలిసి ఢిల్లీలోని 37 మాధ్యమ సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మందిని లెక్కించారు. ఎస్సీ, ఎస్టీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చూసిన 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాలవి. ఎస్సీ, ఎస్టీలు మళ్లీ సున్నా. రెండుసార్లూ లెక్కపెట్టింది బయటివాళ్లే.

ఇక మా దగ్గరి సంగతి.

నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఒకడు దుమ్ముగూడెం వైపు మాదిగవాడ నుంచి వచ్చినోడు. తల్లి మిర్చి ఏరను పోయేది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ చేశాడు, తర్వాత జర్నలిజం. కోర్సులో భాగంగా హైదరాబాదులో ఒక పత్రికలో రెండు నెలలు ఇంటర్న్‌గా చేరాడు. జీతం లేదు, బస్సు కిరాయి లేదు. యూనివర్సిటీ హాస్టల్లో మా ఊళ్ల పిల్లాడొకడి గదిలో నాన్ బోర్డర్‌గా నేల మీద పడుకున్నాడు. మెస్సులో ఒక ప్లేటు అన్నం ఇద్దరు తిన్నారు. మొదటి రోజే ఇంటిపేరేందని అడిగారట. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదట. ఇంగ్లీషు వార్తలు తెలుగు చేయమని ఇచ్చేవాళ్లు, చేసినవి ఏమయ్యాయో తెలిసేది కాదు. పక్క కుర్చీలో ఇంకో ఇంటర్న్ ఉండేవాడు. సొంతిల్లు నగరంలోనే, మేనమామ అదే వృత్తిలో పెద్దమనిషి. ఆరో వారం మావాడు బస్సెక్కి వచ్చేశాడు. సర్టిఫికెట్ రాలేదు.

“శిక్షణ బాగనే ఉంది సార్, తిండే లేదు” అన్నాడు.

ఊళ్లోకొచ్చి మండలానికి కంట్రిబ్యూటర్ అయ్యాడు. ఈ కంట్రిబ్యూటర్ అనే జీవి గురించి బయటి పాఠకులకు కొంత చెప్పాలి. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తక్కిన పత్రికలూ ఆ దారి పట్టాయి. మండలానికొక మనిషి కావాల్సి వచ్చాడు. ఉద్యోగి మాత్రం కాకూడదు. అచ్చయిన వార్త పొడవు కొలిచి ఇంతని ఇస్తారు, దాన్ని లైన్ అకౌంట్ అంటారు. ప్రకటనలు తెస్తే కమిషన్. పండక్కి, నాయకుడి పుట్టినరోజుకి ప్రకటనలు తేవాల్సిందే. ఎరువుల దుకాణమో, ప్రైవేటు స్కూలో, కాంట్రాక్టో ఉన్నవాడికి ఇది గిట్టుబాటు, పైగా పోలీస్ స్టేషన్లో కుర్చీ. కూలి తల్లి కొడుక్కి గిట్టదు. ఎవడి దగ్గర ప్రకటన అడగాలో వాడి పొలంలోనే వాళ్లమ్మ మిర్చి ఏరుతుంది. కూలి రేటు గురించి వాడేం రాస్తాడు? మన పల్లెల్లో అసలు ఇంటర్న్‌షిప్ ఇదే. గడువు లేనిది, జీతం లేనిది.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడు 71.3 అడుగులు చేరింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు రాలేదు. అడుగులు గంటగంటకూ అచ్చయ్యాయి, టీవీల్లో తిరిగాయి. మావాడు తన వాడ పేరు పెట్టి రాశాడు. ఏ ఇళ్లు మునిగాయి, మనుషులు ఏ బడిలో ఉన్నారు, మేకలు ఎన్ని కొట్టుకుపోయాయి, పట్టా లేని ఇంటికి నష్టం ఎవరు రాస్తారు అని. మర్నాడు పేపర్లో ఎనిమిది లైన్లు వచ్చాయి. లోతట్టు ప్రాంతాలు జలమయం అని. వాడ పేరు లేదు. లోతట్టులో ఎవరుంటారో, ఎందుకక్కడే ఉంటారో ఆ మాటలో కనబడదు. లైన్ అకౌంట్ మాత్రం ఎనిమిది లైన్లకే వచ్చింది. వాడ పేరు కొట్టేస్తే వాడి కూలి కూడా తెగింది.

ఇట్లాంటిదే ఇంకో మాట ఉంది, దాని నష్టం ఇంకా పెద్దది. మా ఏజెన్సీ వార్తల్లో మనుషులు రెండే రకాలు. గిరిజనులు, గిరిజనేతరులు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ, మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపడానికి వచ్చింది. కోయలకు అది కవచం, అందులో ఒక్క అక్షరం వదులుకోవద్దన్నదే నా అభిప్రాయం. చట్టానికి ఆ రెండు మాటలు చాలు. పత్రికకు చాలవు. కోయ భూమిని బినామీ పేరుతో ఏలే మైదాన ప్రాంతపు ఆసామీ గిరిజనేతరుడే, అదే పొలంలో కూలి చేసే మాదిగా గిరిజనేతరుడే. గొడవ జరిగితే “గిరిజనేతరుల ఆందోళన” అని శీర్షిక వస్తుంది. ఆసామీ వెనక నిలబడి మాదిగ పేరును ముందు నడిపిస్తాడు. కోయ, మాదిగ ఒకరినొకరు శత్రువుల్లా చూసుకోవడంలో ఈ శీర్షికలకూ వాటా ఉంది. డెస్క్ మీద ఒక్క మాదిగ పిల్ల, ఒక్క కోయ పిల్లాడు ఉంటే “ఏ గిరిజనేతరుడు?” అని అడిగేవాళ్లు. 2014లో ముంపు పేరుతో కొన్ని మండలాలు ఆంధ్రలోకి పోయాక ఇది ఇంకా చీలింది. భద్రాచలం వరద ఒక రాష్ట్రం పేజీలో, పక్కనే ఉన్న ఎటపాక వరద ఇంకో రాష్ట్రం పేజీలో వస్తుంది.

ఇప్పుడు అమెరికా ఉదాహరణలో మనం వదిలేసిన సగానికి వస్తాను. వాషింగ్టన్‌లో హోవార్డ్ విశ్వవిద్యాలయం 1867లో పుట్టింది. 1971లో దానికొక రేడియో స్టేషన్ వచ్చింది. ఇచ్చింది వాషింగ్టన్ పోస్ట్ కంపెనీయే. ఎందుకిచ్చిందన్నది వేరే కథ. డబ్ల్యూహెచ్‌యూఆర్ అని పేరు పెట్టుకున్నారు. 1976లో ఒక రాత్రి కార్యక్రమం చేయాల్సిన మనిషి రాలేదు. స్టేషన్ నడుపుతున్న కాథీ హ్యూస్ అనే నల్ల మహిళ, మెల్విన్ లిండ్సే అనే విద్యార్థిని మైకు ముందు కూర్చోబెట్టింది. అతను అక్కడ ఇంటర్న్. మెల్లని ప్రేమ పాటలు వేశాడు. విన్నవాళ్లు మళ్లీ కావాలన్నారు. “క్వయట్ స్టార్మ్” అని ఆ కార్యక్రమానికి పేరొచ్చింది, తర్వాత ఆ దేశంలో ఎన్నో స్టేషన్లు అదే పద్ధతి పట్టాయి. ఆ పిల్లాడు తెలివైనవాడే, సందేహం లేదు. కానీ ఖాళీ అయిన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టే అధికారం కాథీ హ్యూస్ చేతిలో ఉంది. మావాడు కూర్చున్న డెస్క్‌లో అట్లాంటి చెయ్యి ఏది?

ఇదేం మనకు తెలియని విషయం కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ మూక్‌నాయక్ మొదలుపెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా కేసరి పత్రిక దాని ప్రకటన వేయలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ సొంత పత్రిక పెట్టుకున్నాడు. కారంచేడు తర్వాత, 1989లో, నలుపు వచ్చింది. అయితే ఈ పత్రికలు త్యాగం మీద నడిచాయి, రాసినవాడికి కూలి ఇవ్వలేకపోయాయి. మన వైపు లోపం చెప్పుకోవాలంటే ఇది పెద్ద లోపం. మన పిల్లల చేత మనమూ ఉత్తినే రాయించుకున్నాం, ఉద్యమం పేరు చెప్పి. ఈ వ్యాసం రాసే నేనూ అందులో ఉన్నాను.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళలు సంఘం రేడియో నడిపారు. యంత్రాలు 1990ల చివర్లోనే వచ్చాయి, లైసెన్సు వచ్చి గాలిలోకి పోయింది మాత్రం 2008 అక్టోబరులో. పదేళ్లు క్యాసెట్లు చేసి సంఘాల్లో వినిపించారు. వాళ్లలో ఎవరూ జర్నలిజం కోర్సు చదవలేదు. గది వాళ్లది, మైకు వాళ్లది, మాట్లాడిన యాస వాళ్లది. మా వైపు ఏ సంక్షేమ గురుకులంలోనైనా, ఏ గిరిజన డిగ్రీ కాలేజీలోనైనా అట్లాంటి గది ఒకటి అడగడం సాధ్యమే. ఐటీడీఏ ఉంది, కొత్తగూడెంలో ఆకాశవాణి ఉంది. ప్రభుత్వ ప్రకటనల డబ్బు పత్రికలకు పోతూనే ఉంది. ఆ డబ్బు తీసుకునే పత్రిక ఎంతమంది ఎస్సీ, ఎస్టీ ఇంటర్న్‌లకు నెలకు ఎంత ఇచ్చిందో, వాళ్లలో ఎంతమంది డెస్క్‌లో మిగిలారో ఏటా రాసివ్వాలని అడగొచ్చు. తీర్మానం రాసేవాళ్లు ఈసారి “శిక్షణ” అన్న మాట పక్కన రూపాయల అంకె వేసి రాయాలి.

మావాడు ఇప్పుడు కంట్రిబ్యూటర్ కాదు. భద్రాచలంలో జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నాడు. వరద నష్టం దరఖాస్తులు రాసి పెడతాడు, వాడ పేరు, ఇంటి నంబరుతో సహా. ఈ ఏడు మా దగ్గర నుంచి ముగ్గురు పిల్లలు, ఇద్దరు మాదిగలు, ఒక కోయ అమ్మాయి, ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాదు పోతామంటున్నారు. మగపిల్లలకైతే నాన్ బోర్డర్‌గా గది దొరుకుతుంది. ఆ అమ్మాయికి ఇంకా దొరకలేదు.