బాణీ కట్టాలన్న కోరిక పాతదైతేనేం?

చదువు, ఉద్యోగం, చెల్లెలి పెళ్లి, ఇంటి అప్పు. వీటికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్న కోరికలు గల్ఫ్‌లోని తెలుగువాళ్లలో చాలామందికి ఉంటాయి. ఒమాన్‌లోని సలాలా పక్కన రైసూత్‌లో, ఓడరేవులోనో సిమెంటు ఫ్యాక్టరీలోనో షిఫ్టులు చేస్తున్న మనవాళ్లలో, సినిమాకు సంగీతం చేయాలని ఒకప్పుడు కలగన్నవారెవరైనా ఉంటే ఈ వ్యాసం వాళ్ల కోసమే. ఆ విద్యకు గడువు తీరిపోదు. అందులో పట్టు దొరికే చోట్లేవో తెలిస్తే మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మన సినీ సంగీత చరిత్రే అందుకు సాక్ష్యం. రమేష్ నాయుడు తెలుగు సినిమాకు దూరంగా కోల్‌కతాలో బెంగాలీ చిత్రాలకు పనిచేసి, 1970ల తొలినాళ్లలో తిరిగివచ్చారు. ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చిన ‘మేఘసందేశం’ 1982 నాటిది. కీరవాణి మొదట సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. ‘నాటు నాటు’కు ఆస్కార్ అందుకునేనాటికి ఆయన వయసు 61. వేళ్ల వేగం వాద్యకారుడికి ప్రాణం. సంగీత దర్శకుడికి కావలసింది చెవి, మాట మీద పట్టు, సన్నివేశం లోపలి బాధ తెలియడం. ఈ మూడూ వయసుతో పెరిగేవే.

పాట పుట్టడానికి రెండు దారులున్నాయి. బాణీ ముందు కట్టి కవి చేత మాటలు రాయించుకోవడం ఒకటి. సాహిత్యం చేతికొచ్చాక దానికి స్వరం కట్టడం రెండోది. ‘శంకరాభరణం’ చేసిన కె.వి. మహదేవన్‌ది, రమేష్ నాయుడిది ఎక్కువగా ఈ రెండో దారి. చాలాకాలం తర్వాత హార్మోనియం ముందు కూర్చునేవారికి నా సలహా కూడా ఇదే. లయ మాటలోనే దాగి ఉంటుంది కనుక చేతికి ఆధారం దొరుకుతుంది. ‘వాన వచ్చిందమ్మా, ఊరు తలపొచ్చింది’ అని ఒక పంక్తి రాసుకోండి. ‘వా’ గురువు, ‘న’ లఘువు. స్వరం ‘వా’ మీద నిలబడి ‘న’ మీద తేలికగా జారాలి. ‘న’ దగ్గర సాగదీస్తే వాన కాస్తా ‘వానా’ అనే పిలుపైపోతుంది, అర్థం మారిపోతుంది. మాట విరుపు తెలిసినవాడి బాణీలో వినేవాడు ఒక్క మాటకూ తడుముకోడు.

తర్వాతది రాగం. మోహనలో ఉన్నవి ఐదే స్వరాలు: షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం. మిగతావి ముట్టుకోకుండా గాంధారాన్ని ఒక్క మెట్టు దించి సాధారణ గాంధారం చేయండి. అది శివరంజని. వెలుగుతున్న రాగం ఒక్క మెట్టుతో దిగులైపోతుంది. అదే పంక్తిని ముందు మోహనలో, తర్వాత శివరంజనిలో పాడి చూడండి. మొదటిసారి అది సెలవు దొరికి ఊరెళ్తున్నవాడి వాన, రెండోసారి టికెట్ రద్దయినవాడి వాన. సినిమా సంగీతంలో రాగం పని ఇదే. పండితుల మెప్పు తర్వాతి సంగతి, పాత్ర మనసు ముందు.

ఇక రీరికార్డింగ్. పాటలకు పేరొస్తుంది, నేపథ్య సంగీతం సినిమాను నిలబెడుతుంది. ఇక్కడ గడియారంతో పని. సలాలా వానకాలమైన ఖరీఫ్ తుంపరలో, షిఫ్టు దిగిన మనిషి ఫోన్లో ఇంటి మాట వింటున్న 24 సెకన్ల దృశ్యం అనుకుందాం. నిమిషానికి 90 దరువుల వేగం తీసుకుంటే 24 సెకన్లలో 36 దరువులు పడతాయి. నాలుగేసి చొప్పున 9 ఆవృతాలు. మొదటి 4 ఆవృతాలు ఒక్క వేణువు. అవతల తల్లి గొంతు వినబడగానే ఆ వేణువూ ఆగిపోవాలి, ఆ 2 ఆవృతాలూ మౌనం. చివరి 3 ఆవృతాల్లో వయొలిన్లు సన్నగా వచ్చి, ఫోన్ పెట్టేసే క్షణానికి షడ్జం మీద వాలాలి. ఎక్కడ వాయించకూడదో తెలుసుకోవడమే ఈ కళలో సగం.

రైసూత్‌లో ఉన్నవారికి మరో భాగ్యం ఉంది. ఆ ఊరున్న ధోఫార్ ప్రాంతపు లోయల ‘బర్‌అ’ అనే పాట, నృత్యం 2010లో యునెస్కో జాబితాకెక్కాయి. స్త్రీపురుషులు అర్ధవలయంగా నిలబడి తమ మాండలికంలో కవిత్వం పాడుతుంటే, డప్పులూ వేణువూ తోడుగా ఇద్దరు పురుషులు ఖంజర్లు పట్టి ఆడతారు. అక్కడా కవిత్వానిదే పెద్దపీట. సముద్రం ఈ నేలకూ మనకూ మధ్య పాటను ఎప్పుడో మోసింది. సూర్ పట్టణపు నావికుడు, గాయకుడు సాలిం రాషిద్ సూరీ ముంబైలో ఉండి గ్రామఫోన్ రికార్డులిచ్చాడు. పెళ్లిళ్లలో, పండుగల్లో వినబడే ఆ డప్పుల నడకను శ్రద్ధగా వినండి. రేపు మీ బాణీకి అది కొత్త లయ ఇస్తుంది.

సినిమా అవకాశం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అభ్యాసం మాత్రం మన చేతిలోనిదే. ఫోన్లో రికార్డర్ ఉంది, తక్కువ ధరకు కీబోర్డు దొరుకుతుంది, లఘుచిత్రాలు తీసే కుర్రాళ్లు సంగీతం చేసేవారి కోసం వెతుకుతున్నారు. వచ్చే శుక్రవారం సెలవు పూట ఒక పల్లవి రాసి స్వరం కట్టండి. నచ్చిన సినిమాలో రెండు నిమిషాల దృశ్యం తీసుకుని, దాని శబ్దం ఆపేసి, మీ సంగీతం పెట్టి చూడండి. మొదటిది బాగా రాదు, పదోది వస్తుంది. పాత కోరికను తలచుకుని బాధపడింది చాలు, ఇక దానికి పని చెప్పండి.