శాసనస్త్రీయు ప్రకటనస్త్రీయు

పెన్‌పహాడ్ మండలమునందలి నాగులపాడును, సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱియు కాకతీయుల కాలపు టాలయములకు ప్రసిద్ధములు. శాసనమన నేమి? పదిమంది చూచునట్లు, చిరకాలము నిలుచునట్లు రాతిపై చెక్కించిన ప్రకటనయే గదా. కావున వ్యాపారప్రకటనలలో స్త్రీ యెట్లు చూపబడుచున్నదని విచారింపదలచినవారికి ఈ రాళ్లకంటె యోగ్యమైన యుపక్రమము లేదు.

పిల్లలమఱ్ఱిలో నామిరెడ్డి పేర నామేశ్వరమున్నట్లే, రేచర్ల బేతిరెడ్డి భార్యయగు ఎఱకసాని పేర 1208 నాటి ఎఱకేశ్వరము కలదు. దేవునికి మనుష్యుని పేరు చేర్చుట ఆనాటి యాచారము. ఆ గౌరవము పురుషునకు వలెనే స్త్రీకిని దక్కినది. ఆమె మేనిచాయను గాని కన్నుల సోయగమును గాని ఆ నామము తెలుపదు. భర్తను చెప్పికాని ఆమెను చెప్పలేకపోయిరి గదా యని యాక్షేపింపవచ్చును. సత్యమే. అయినను చూపరి యచట మొదట వినునది ఆమె పేరు.

ఆ రేచర్లవారిలోనే రుద్రుడు 1213లో పాలంపేటయందు రామప్పగుడిని కట్టించెను. దాని నల్లరాతి మదనికలను మెచ్చనివారు లేరు. వారికి పేరులు లేవు, భంగిమలే కలవు. శిల్పిని నిందింప బనిలేదు. కాని నేటి ప్రకటనకారులు ఎఱకసానిని మఱచి మదనికను మాత్రమే వారసత్వముగా గైకొనిరి.

రాతిప్రకటనయు నిష్కళంకము కాదు. గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి పెక్కు శాసనములలో రుద్రదేవ మహారాజు. ఆమె మరణానంతరము 1289లో వెలసిన చందుపట్ల శాసనమున రుద్రమదేవి యనియే యున్నది. రాజ్యమేలుటకు పురుషనామము కావలసివచ్చెను. శివలోకప్రాప్తికి స్వనామము చాలెను. మార్కోపోలో యన్ననో, ఆమెను రాజుగారి వితంతువుగా దలచెను. ఏలుచున్న స్త్రీని కూతురుగా నూహింపజాలక భార్యను జేసెను కాబోలు!

పండితులకు మఱింత పరిచితమైన తార్కాణము శకుంతల. పిల్లలమఱ్ఱి యింటిపేరుగల పినవీరభద్రకవి శృంగారశాకుంతలమున భారతకథను కాళిదాసు కథను గలిపెను. ఆ రెండింటి భేదము స్వల్పము కాదు. భారతమున ఉంగరము లేదు, శాపము లేదు. శకుంతల సభలో నిలిచి తానే వాదించును. ఆకాశవాణి ఆమె మాటనే స్థాపించును. నాటకమున ఆమె మాట చాలదు; ఉంగరము దొరకినగాని రాజునకు స్మృతి రాదు. రసదృష్టిచే ఇది యుత్తమకల్పన. అయినను వ్యాపారప్రకటన యంతయు ఈ యుంగరపు కథయే: ఈ వస్తువు నీ యొద్దనున్ననే నిన్ను గుర్తింతురు, లేనిచో నీ మాట యెవరును వినరు.

తెలుగున ఈ విషయమున ముఖ్యమైనది డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో మద్రాసున స్థాపించిన 'గృహలక్ష్మి'. వారి కేసరికుటీరపు లోధ్ర స్త్రీల యౌషధము. స్త్రీకి రోగము కలదని చెప్పి మందునమ్మువారే స్త్రీ వ్రాతకు పత్రికలో చోటిచ్చిరి. 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మగారికి స్వర్ణకంకణమిచ్చిరి. దీనిని కేవలము వర్తకమనుట అన్యాయము, కేవలము సంస్కరణమనుట అమాయకత్వము. కొనుమని పిలువబడిన స్త్రీయే అచట రచయిత్రియు నయ్యెను. తరువాతి ప్రకటనలలో ఈ రెండవ పాత్ర జాఱిపోయినది.

మేనిచాయ సంగతి మఱియు విచిత్రము. ద్రౌపదికి కృష్ణయని పేరు. శ్యామ యన మన కావ్యములలో యౌవనవతి. అట్టి వాఙ్మయముగల దేశమున 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వెలసెను. నల్లని పిల్లకు ఉద్యోగము రాదు, వరుడు రాడు, లేపనము పూసిన రెండును వచ్చును: ఇది దాని ప్రకటనల పరిచితమైన కథ. 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ యయ్యెను. పేరు మార్చినంతనే తర్కము మాఱినదనుట తొందరపాటు.

స్త్రీల యసభ్యచిత్రణమును నిషేధించు చట్టము 1986లో వచ్చెను. దాని దృష్టి ప్రధానముగా స్త్రీ దేహముపై, అది కించపఱచు రీతిగా చూపబడుటపై నున్నది. నిండుగా చీర కట్టి, పెరటిలో బట్టలుతుకుచు, ఏ సబ్బు మంచిదో తెఱచాటునుండి పురుషకంఠము చెప్పగా తలయూపు గృహిణిని ఆ చట్టము పట్టుకొనుట కష్టము. ఆమె మేన నగ్నత లేదు. నోట మాటయు లేదు.