పదిహేను సెకన్ల చిరాకు

భూమికి అవతలి వైపు నుంచి కొడుకు పిలిచాడు. తల్లి చేతిలోని గుండ్రటి పళ్లెం నీలంగా వెలగడానికే పదిహేను సెకన్లు పట్టింది, ఆ తర్వాతే అందులో అతని ముఖం తేలింది. ఆ కాస్తకే ఆవిడకు విసుగొచ్చింది. అయిదు నిమిషాలకు మించి ఇవ్వలేనని ముందే చెప్పేసింది. ఆ తర్వాత సంగీతం మీద ప్రసంగం ఉందట.

ఈ వీడియో కాల్ 1909 నాటిది. ఇ.ఎం. ఫార్‌స్టర్ రాసిన ‘ద మెషిన్ స్టాప్స్’ అనే పెద్దకథ ఆ ఏడాది నవంబరులో ‘ఆక్స్‌ఫర్డ్ అండ్ కేంబ్రిడ్జ్ రివ్యూ’లో వచ్చింది. అప్పటికి ఇళ్లల్లో రేడియో లేదు. బ్లేరియో విమానంలో ఇంగ్లిష్ చానెల్ దాటి నాలుగు నెలలే అయింది. రచయితకు ముప్ఫై ఏళ్లు. మనకు ఆయన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ వల్లనే తెలుసు. ఆ నవల అంకితం పుచ్చుకున్న రాస్ మసూద్ మన హైదరాబాదులో, నిజాం విద్యాశాఖకు డైరెక్టరుగా పనిచేసినవాడే. అది వేరే కథ.

ఈ కథ పేరెత్తగానే అందరూ జోస్యాలు లెక్కపెడతారు: వీడియో కాల్ చెప్పాడు, గది కదలకుండా ప్రసంగాలు చెప్పాడు, మీట నొక్కితే తిండీ స్నానం వస్తాయన్నాడు అని. జోస్యాల మీద నాకంత మోజు లేదు. నేను ఆగేది ఆ పదిహేను సెకన్ల దగ్గర. ఆ పళ్లెం ఎలా పనిచేస్తుందో ఫార్‌స్టర్ ఒక్క ముక్క చెప్పడు. తీగలు లేవు, చక్రాలు లేవు. తల్లి వాష్టి చిరాకు మాత్రం చూపిస్తాడు. అంతే, ఆ వస్తువు ఆ ఇంట్లో పాతబడిపోయిందని మనకు తెలిసిపోతుంది. కొత్త వస్తువును చూసి నోరు తెరుస్తాం. విసుక్కునేది అలవాటైన దాని మీదే. రాబోయే కాలం గురించి రాసేవాళ్లలో చాలామంది తమ పాత్రల చేత నోరు తెరిపిస్తారు. ఈయన విసుక్కోనిచ్చాడు.

కొడుకుతో మాట్లాడేందుకు వాష్టి ఒక మీట నొక్కి, మిగతా లోకాన్ని దూరంగా ఉంచుతుంది. మాట అయ్యాక మీట తీస్తుంది. మూడు నిమిషాల్లో పోగైన గంటల మోతలు, గొట్టాల్లోంచి గొంతులు ఒక్కసారిగా మీదపడతాయి. విమానం దిగి ఫోన్ ఆన్ చేసినవాళ్లకు ఈ పేరా వివరించనక్కర్లేదు.

కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇంకొకటుంది. మొహం చూడాలని కొడుకు పట్టుబట్టడంతో వాష్టి గాలి ఓడ ఎక్కబోతుంది. ముందు నడుస్తున్న ఒకాయన చేతిలోంచి పుస్తకం జారిపడుతుంది. భూమి కింద గదుల్లో బతికే ఆ మనుషులకు అన్నీ సమకూర్చే యంత్రాన్ని ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకమది. వాళ్లకు దాదాపు వేదం. గదిలోనైతే నేలే దాన్ని పైకెత్తి అందిస్తుంది. ఓడ దారిలో ఆ ఏర్పాటు లేదు. పుస్తకం పడినచోటే ఉంది. అందరూ ఆగిపోయారు. ఆయన వంగలేదు. ఏమైందోనని తన చేతి కండరాన్ని తడిమి చూసుకున్నాడు. ఆలస్యమవుతోందని ఎవరో అన్నారు. అందరూ ఓడెక్కారు, వాష్టి ఆ పేజీలు తొక్కుకుంటూ ఎక్కింది.

ఎంత పనితనం! వంగి తీయడమన్నది ఆయన బుర్రలోకే రాలేదు. మరొకరైతే ఇక్కడ మనిషి పతనం మీద ఒక పేరా దంచేవాడు. ఫార్‌స్టర్ కండరం తడిమించి ఊరుకున్నాడు. ఆ వెంటనే ఇంకోటి: ఓడలో ఎండపొడ మీదపడితే వాష్టి తూలుతుంది, పరిచారిక చేయి వేసి ఆపుతుంది. ఒకరినొకరు తాకడమే మానేసిన లోకం అది. వాష్టి మండిపడుతుంది. పరిచారిక కంగారుపడి, మిమ్మల్ని పడనివ్వనందుకు క్షమించమంటుంది. నవ్వొస్తుంది, నవ్వాక ఒళ్లు జలదరిస్తుంది.

తెరమీద కనిపించే ముఖానికి, ఎదురుగా ఉన్న మనిషికి తేడా ఏమిటో చెప్పడానికి ఆయన ద్రాక్షపండును తెచ్చుకున్నాడు. పండు మీద చేయి తగిలితే చెరిగిపోయే తెల్లటి పొడిలాంటి పొర ఉంటుంది చూడండి, కృత్రిమ పళ్లు చేసేవాళ్లు దాన్ని వదిలేస్తారట. పళ్లెంలోని ముఖంలోనూ అదే ఉండదు. అది లేకపోయినా పని జరిగిపోతుందని వాష్టి లోకం సర్దుకుంది.

రెండో భాగంలో పట్టు కొంచెం సడలుతుంది. అనుమతి లేకుండా భూమి పైకి వెళ్లొచ్చిన సంగతి కొడుకు కూనో పేజీలకొద్దీ చెబుతాడు. రచయితే అతని గొంతులో దూరి ఉపదేశిస్తున్నట్టుంటుంది. అయినా అందులో ఒక ముత్యం దొరుకుతుంది. దూరం అంటే ఏమిటో మరిచిపోయిన ఆ కుర్రవాడు గది బయట రైల్వే ప్లాట్‌ఫారం మీద అలిసిపోయేదాకా అటూ ఇటూ నడుస్తాడు. కాళ్లతో త్వరగా చేరగలిగితే దగ్గర, చేరలేకపోతే దూరం. రైలు ఎంతసేపట్లో చేరుస్తుందన్నది లెక్కలోకి రాదు. యాప్ చూపించే నిమిషాలను బట్టి ఊరి దూరం చెప్పుకుంటున్న మనం ఈ లెక్క మళ్లీ నేర్చుకోవాల్సిందే.

ఈలోగా ఆ లోకంలో ఒక పండితుడు బయలుదేరతాడు. ఏ విషయాన్నీ నేరుగా తెలుసుకోకండి, పదిచేతులు మారి వచ్చినదే శ్రేష్ఠం అని బోధిస్తాడు. ఇవాళ సారాంశానికి సారాంశం అడిగి తీసుకుంటున్నాం కాబట్టి ఆయన్ని చూసి నవ్వే హక్కు నాకైతే లేదు.

మూడో భాగంలో యంత్రం పాడవడం మొదలవుతుంది. కానీ ఢామ్మని పేలదు. పాటలో ఒక నిట్టూర్పు వినబడుతుంది. వాష్టి ఫిర్యాదు చేస్తుంది, మరమ్మతుల సంఘం చూస్తామంటుంది. కొన్నాళ్లకు ఆ నిట్టూర్పు కూడా రాగంలో భాగమే అనిపిస్తుంది. స్నానం నీళ్లు కంపుకొడతాయి. కవిత్వం అల్లే యంత్రం ప్రాసలు తప్పుతుంది. అవును, 1909లోనే కవిత్వం అల్లే యంత్రం! మొదట గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు. వాక్యాలు కూడా సంఘం నివేదికలా తొణకవు బెణకవు. ప్రళయాన్ని అంత నెమ్మదిగా రాయడానికి గుండె నిబ్బరం కావాలి.

చివరికి ఒకరోజు నిశ్శబ్దం వస్తుంది. పుట్టినప్పటి నుంచీ చుట్టూ ఉన్న యంత్రం హోరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికే వేలమంది అక్కడికక్కడ చచ్చిపోతారు. మనకు కరెంటు పోయినప్పుడే ఇంతసేపూ ఫ్యాను చప్పుడు చేస్తోందని తెలుస్తుంది, అలా. ఈ హోరు గురించి ముందెక్కడా చెప్పలేదే అనుకుని వెనక్కి తిప్పి చూశాను. చెప్పాడు. మొదటి భాగంలోనే, మళ్లీ రెండో భాగంలో కూనో నోటితో. నేనే వినకుండా చదువుకుంటూ పోయాను.