పదో సిట్టింగ్ దాకా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని జిల్లా కేంద్రాల్లోనూ, కాస్త పెద్ద మండల కేంద్రాల్లోనూ ఎన్నో ఫిజియోథెరపీ క్లినిక్‌లను ఒక్కరే నడుపుతున్నారు. రోగిని పరీక్షించేదీ, వ్యాయామం చేయించేదీ, ఫోన్ ఎత్తి టైము చెప్పేదీ, డబ్బు తీసుకుని రశీదు రాసేదీ, సాయంత్రం మంచం మీద దుప్పటి మార్చేదీ ఆ ఒక్క మనిషే. నాలుగేళ్లకు పైగా సాగే బీపీటీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ కోర్సు, కండరాల పనితీరును, నాడుల దారులను, కీళ్ల కదలికను క్షుణ్ణంగా నేర్పుతుంది కానీ, ఆ చదువును ఒక అద్దె గదిలో, ఒక నోటుపుస్తకంలో, రోజుకుండే కొన్ని గంటల్లో ఎలా ఇమడ్చాలో చెప్పే పాఠానికి అందులో దక్కే చోటు చాలా తక్కువ. అందువల్ల క్లినిక్ తెరిచినవారిలో చాలామంది అపాయింట్‌మెంట్లను, రికార్డులను, లెక్కలను వైద్యం ముగిశాక తీరిక దొరికితే చూసుకోవలసిన పనులుగా భావిస్తారు. ఈ భావన సరికాదు. మందుబిళ్ళ మింగితే దాని పని అది చేసుకుపోతుంది. ఫిజియోథెరపీ ఫలితం మాత్రం రోగి మళ్లీ మళ్లీ రావడం మీద, ఇంటి దగ్గర చెప్పిన వ్యాయామం చేయడం మీద, క్రితంసారి ఎంతవరకు వంగిన మోకాలు ఈసారి ఎంతవరకు వంగిందో తెలియడం మీద ఆధారపడుతుంది కనుక, రోగిని పదో సిట్టింగ్ దాకా రప్పించే ఏర్పాటు చికిత్సలో భాగమే అవుతుంది.

మోకాళ్ల అరుగుదలతో వచ్చిన రోగిని ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. యంత్రంతో కరెంటు పెట్టించుకోవడం వల్లనో, కాపడం వల్లనో మూడు నాలుగు సిట్టింగులకే నొప్పి తగ్గుముఖం పడుతుంది. నొప్పి తగ్గింది కనుక జబ్బు కూడా తగ్గిందని రోగి అనుకోవడం సహజం, రావడం మానేయడమూ అంతే సహజం. కానీ మోకాలి మీద పడే బరువును మోయవలసిన తొడ ముందుభాగపు కండరం నిజంగా బలపడడానికి వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కనిపించే బలం చాలావరకు, ఉన్న కండరాన్నే నాడులు మునుపటికన్నా బాగా పనిచేయించడం వల్ల వచ్చినది. అందువల్ల మొదటిరోజే ఎన్ని సిట్టింగులు కావాలో, ఎన్నో సిట్టింగులో మళ్లీ కొలతలు తీస్తారో చెప్పి, ఆ రెండూ ఒక కార్డు మీద రాసి రోగి చేతికి ఇవ్వాలి. రానివారికి మర్నాడే ఫోన్ చేయాలి. ఈ ఫోన్‌ను చాలామంది చికిత్సకులు వ్యాపారం కోసం వెంటపడడంగా భావించి మొహమాటపడతారు. నిజానికి అది సగంలో ఆగిన చికిత్స గురించిన వాకబు, దానికి మొహమాటం అక్కర్లేదు.

అపాయింట్‌మెంట్ పుస్తకం ఆ ఊరి జీవితాన్ని ఎరిగి ఉండాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే బస్సులో దిగే రోగికి పదీ పావుకు రమ్మని చెప్పడంలో అర్థం లేదు. బస్సు ఎప్పుడు వస్తే అప్పుడే అతను వస్తాడు, తిరుగు బస్సు అందేలోగా పని కావాలంటాడు. కనుక ఉదయపు మొదటి రెండు మూడు గంటలను పల్లెవారికి వరుస క్రమంలో చూసేందుకు వదిలి, ఊళ్లో ఉండే ఉద్యోగులకు, దుకాణదారులకు సాయంత్రం కచ్చితమైన సమయాలు ఇవ్వడం మేలు. అమావాస్యనాడో, మంగళవారంనాడో వైద్యం మొదలుపెట్టడానికి ఇష్టపడని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వారితో వాదించడం కన్నా మర్నాటి గడిలో పేరు రాసుకోవడం తెలివైన పని. నాట్లు, కోతల రోజుల్లో, సంక్రాంతి వారంలో హాజరు పడిపోతుందని ముందే తెలిసినప్పుడు, ఆ రోజులకు సరిపడా ఇంటి వ్యాయామాలు నేర్పి పంపడం వల్ల రోగికి జరిగే నష్టం తగ్గుతుంది.

రాని రోగి వదిలిపోయిన ఖాళీ సమయానికి ఖరీదు ఉంటుంది, ఆ ఖరీదును మిగతా రోగులు భరిస్తారు. ఒక సిట్టింగుకు నలభై నిమిషాలు, రాతకూ శుభ్రతకూ మరో పది నిమిషాలు చొప్పున లెక్క వేస్తే, ఏడు గంటల పనిదినంలో ఎనిమిది సిట్టింగులు, నెలకు ఇరవై ఐదు పనిదినాలనుకుంటే 200 సిట్టింగులు సాధ్యమవుతాయి. అద్దె, యంత్రాల వాయిదా, విద్యుత్తు, ఇతరత్రా కలిపి నెల ఖర్చు 48,000 రూపాయలు అనుకుంటే, చికిత్సకుడి జీతం కాకుండానే ఒక్కో సిట్టింగు మీద 240 రూపాయలు పడతాయి. అయిదింట ఒకరు రాకపోతే మిగిలేవి 160 సిట్టింగులే కనుక ఆ భారం 300 రూపాయలకు చేరుతుంది. పక్క వీధిలో ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని ఓ పది రూపాయలు తగ్గించి ఫీజు పెట్టేవారు ఈ చిన్న లెక్కను ఒక్కసారైనా కాగితం మీద వేసి చూసుకోవాలి, లేకపోతే లోటును పూడ్చడానికి గంటకు నలుగురిని మంచాలెక్కించి యంత్రాలకు అప్పగించే పరిస్థితి వస్తుంది. ఇంటికి వెళ్లి చూసే పక్షవాతం కేసుల్లో ప్రయాణానికి పట్టే కాలాన్ని కూడా ఈ లెక్కలో కలపాలి.

పద్దు రాయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. తెలుగునాట వర్తకులు తరతరాలుగా వాడిన చిట్టా, అంటే ఏరోజుకారోజు జరిగింది జరిగినట్టు రాసుకునే పుస్తకం, ఆవర్జా, అంటే ఆ చిట్టాలోని పద్దులను పేరుపేరునా విడదీసి రాసుకునే పుస్తకం, ఈ రెండూ ఒంటరి క్లినిక్‌కు సరిపోతాయి. 1962 నాటి ఆదాయపు పన్ను నియమాల్లోని 6ఎఫ్ నియమం వైద్యవృత్తిలో ఉన్నవారికోసం 3సీ అనే నమూనాలో ఒక రోజువారీ కేసు రిజిస్టరును నిర్దేశించింది. తేదీ, వరుస సంఖ్య, రోగి పేరు, చేసిన సేవ స్వభావం, తీసుకున్న ఫీజు, అది అందిన తేదీ అందులోని గడులు. వాటి పక్కన ఇది ఎన్నో సిట్టింగు అనే గడి ఒకటి చేర్చితే అదే పుస్తకం డబ్బు లెక్కా చెబుతుంది, మధ్యలో ఆగిపోయినవారి పేర్లూ చెబుతుంది. పది సిట్టింగులకు కలిపి ముందే డబ్బు తీసుకునే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. చేతికందిన ఆ మొత్తం ఇంకా సంపాదన కాలేదు, చేయవలసిన సిట్టింగులు మిగిలి ఉన్నంతవరకు అది రోగికి క్లినిక్ పడ్డ బాకీ. దానిని ఆవర్జాలో రోగి పేరున జమ కట్టి, సిట్టింగు అయినకొద్దీ తగ్గించుకుంటూ వస్తే, మధ్యలో మానుకున్నవారికి మిగతా డబ్బు తిరిగి ఇవ్వడంలో పేచీ రాదు. రోగులను పంపినందుకు ఇచ్చే కమీషన్ మాత్రం ఏ పుస్తకంలోనూ నిజాయితీగా రాయలేని ఖర్చు. వైద్యులు అటువంటి సొమ్ము తీసుకోవడాన్ని భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి నిషేధించింది, ఇచ్చేవారు కూడా దానిని చివరకు రోగి ఫీజులోనే కలుపుతారు. దానికి దూరంగా ఉండి, తమ దగ్గరికి రోగిని పంపిన వైద్యుడికి చికిత్స చివర కొలతలతో కూడిన ఒక పేజీ ఉత్తరం పంపడం నమ్మకాన్ని పెంచే మార్గం.

డబ్బు పద్దుకన్నా ముందు సిద్ధం చేసుకోవలసింది, రోగి మొదటిసారి వచ్చినప్పుడు నింపే ప్రశ్నల పత్రం. పెద్ద ఆసుపత్రిలో నర్సో, మరో వైద్యుడో గమనించి హెచ్చరించే అవకాశం ఉంటుంది. ఒంటరి క్లినిక్‌లో ఆ రెండో కన్ను లేదు కనుక ప్రశ్నలను జ్ఞాపకానికి వదలకుండా అచ్చులో పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారిలో చాలామందికి పాదాల్లో స్పర్శ మందగిస్తుంది. అటువంటి కాలి మీద వేడి కాపడం పెడితే చర్మం కాలుతున్న సంగతి రోగికి తెలియదు, బొబ్బ లేచాక మాత్రమే తెలుస్తుంది, ఆ బొబ్బ పుండుగా మారితే మానడం కష్టం. కాబట్టి షుగరు ఉందా అన్న ప్రశ్న పక్కనే, ఒక గాజు గొట్టంలో గోరువెచ్చని నీళ్లు, మరోదానిలో చల్లని నీళ్లు పోసి చర్మానికి తాకించి ఏది వెచ్చనో ఏది చల్లనో రోగి కళ్లు మూసుకుని చెప్పగలిగాడా అన్న గడి ఉండాలి, అది నిండకుండా వేడి యంత్రం వైపు చేయి వెళ్లకూడదు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, శరీరంలో లోహపు ప్లేట్లు, స్క్రూలు ఉన్నాయా, గర్భం ఉందా అనేవి కూడా యంత్రం స్విచ్ వేయకముందే అడగవలసిన ప్రశ్నలు. షార్ట్‌వేవ్ డయాథెర్మీ, అంటే అధిక పౌనఃపున్య తరంగాలతో లోపలి కండరంలో వేడి పుట్టించే పద్ధతి, లోహం ఉన్నచోట వాడరాదు. నడుము నొప్పితో వచ్చినవారికి మూత్రం బిగబట్టుకుపోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కడం వంటి లక్షణాలుంటే వెన్నుపాము కింది నాడుల కట్ట నలిగిపోతోందన్న అనుమానంతో అదే గంటలో ఆసుపత్రికి పంపాలి. ఆపరేషన్ తర్వాత ఒక పిక్క మాత్రమే వాచి, ముట్టుకుంటే నొప్పి పుడితే రక్తనాళంలో గడ్డ ఉండవచ్చు కనుక మర్దన చేయకూడదు. ఈ ప్రశ్నలన్నీ ప్రతి ఫిజియోథెరపిస్టూ చదువుకున్నవే. సాయంత్రం ఏడు గంటలకు, బయట ముగ్గురు ఎదురుచూస్తుండగా అడగడం మరిచిపోకుండా ఉండడానికి పత్రం కావాలి.

సిట్టింగు తర్వాత రాసే నోటుకు నాలుగు భాగాలు చాలు: రోగి చెప్పింది, చికిత్సకుడు చూసి కొలిచింది, ఆ రెండింటినీ బట్టి అతను వేసిన అంచనా, తర్వాత చేయబోయేది. వైద్య రికార్డులను సమస్యల వారీగా రాయాలని 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వాదించిన అమెరికన్ వైద్యుడు లారెన్స్ వీడ్ ఆలోచన నుంచి ఈ క్రమం వచ్చింది. ఇందులో ప్రాణం లాంటిది రెండో భాగం. ‘బాగుంది’, ‘మెరుగు’ అన్న మాటలు పది రోజుల తర్వాత రాసినవారికే ఏమీ చెప్పవు. గోనియోమీటరు, అంటే రెండు చేతులున్న కోణమాపకపు ఇరుసును మోకాలి బయటి పక్కన ఆనించి, ఒక చేతిని తుంటి బయటి ఎముక గుబ్బ వైపు, రెండో చేతిని చీలమండ బయటి గుబ్బ వైపు సరిచేసి చూస్తే, మోకాలు మార్పిడి చేయించుకున్న రోగికి సోమవారం 70 డిగ్రీలు వంగిన మోకాలు శుక్రవారం 85 డిగ్రీలు వంగిందని తెలుస్తుంది, ఆ అంకెను రోగికి చూపిస్తే ఇంటి దగ్గర వ్యాయామం చేయడానికి అంతకు మించిన ప్రోత్సాహం అక్కర్లేదు. వృద్ధులకు కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లోని గడియారంతో కొలవవచ్చు. ఇందుకు నేల మీద అంటించిన రెండు టేపు ముక్కలు తప్ప ఖర్చు లేదు. భుజం పట్టేసిన స్త్రీకి జడ వేసుకోవడం, మోకాలి రోగికి బస్సు మెట్టు ఎక్కడం వంటి వారి సొంత అవసరాన్ని వారి మాటల్లోనే నోటు పైన లక్ష్యంగా రాయడం, కొలతకు అర్థం కల్పిస్తుంది.

చట్టపరమైన పనులు ఒకసారి శ్రద్ధగా పూర్తిచేస్తే ఏడాదంతా వేధించవు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపీని గుర్తింపు పొందిన వృత్తిగా తన షెడ్యూలులో చేర్చింది, రాష్ట్ర మండళ్ల ద్వారా నమోదుకు దారి వేసింది. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, క్లినిక్‌లో అమ్మే నడుము బెల్టులు, మోకాలి తొడుగులు వస్తువుల అమ్మకం కిందికి వస్తాయి కనుక ఆ పద్దు వేరుగా ఉండాలి. డ్రై నీడ్లింగ్, అంటే బిగుసుకున్న కండరంలోకి సన్నని సూది దించే పద్ధతి, చేసేవారు వాడిన సూదులను 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం చిల్లు పడని తెల్లని డబ్బాలో వేయాలి.

క్లినిక్ పనికి వేరే సిమ్, వేరే వాట్సాప్ పెట్టుకోవడం చికిత్సకుడి నిద్రకే కాక రోగుల గోప్యతకూ అవసరం. వ్యాయామం వీడియోలు, ఎక్స్‌రేల ఫొటోలు ఇంట్లో పిల్లలు ఆడుకునే ఫోన్‌లో ఉండకూడదు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తర్వాత రోగి అనుమతి లేకుండా అటువంటివి ప్రచారానికి వాడుకోవడం మరింత అనుచితం. చికిత్సకుడు జ్వరంతో పడుకున్న వారం రోజులు పక్షవాతం రోగి చేతికి వ్యాయామం ఎవరు చేయించాలన్నది కూడా ముందే ఆలోచించవలసిన విషయం. ఊళ్లోనే ఉన్న మరో ఫిజియోథెరపిస్టుతో పరస్పరం కేసులు చూసుకునే ఒప్పందం ఉంటే, ఒకరు రాసిన నోటును మరొకరు చదివి మర్నాటి సిట్టింగు చేయగలిగితే, ఆ క్లినిక్ వ్యవస్థ గట్టిదని చెప్పవచ్చు. పోటీదారులన్న సంకోచం వదిలి ఇటువంటి జతలు ప్రతి పట్టణంలోనూ ఏర్పడడం అవసరం.

ఫిజియోథెరపీ కళాశాలలు ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలు విద్యార్థులను చిన్న క్లినిక్‌ల చిట్టా ముందు కూర్చోబెట్టాలి. రోగులూ, వారి కుటుంబాలూ చేయగలిగింది కూడా ఒకటుంది: ఏ క్లినిక్‌కు వెళ్లినా మొదటి రోజే ఎన్ని సిట్టింగులు కావాలి, దేనిని కొలుస్తున్నారు, మళ్లీ ఎప్పుడు కొలుస్తారు అని అడిగి, ఆ జవాబులు రాసిన కాగితం తీసుకుని ఇంటికి వెళ్లండి.